చిత్రాల రూపమార్పిడి: ఏ చిత్రానికి ఏ ఫార్మాట్?

కంప్యూటరులో భద్రపరచిన ప్రతి చిత్రమూ అంకెల వరుసయే. ఆ అంకెలను ఫైలులో ఎట్లా అమర్చాలో, ఎట్లా కుదించాలో నిర్దేశించే నియమావళిని ఫార్మాట్ అంటారు. ఒక ఫార్మాట్‌లోని చిత్రాన్ని మరొక దానిలోనికి మార్చడమే రూపమార్పిడి. అంతర్జాలంలోనికి చిత్రాన్ని ఎక్కించేటప్పుడు ఇది రెండు సందర్భాలలో అవసరమవుతుంది: అవతలివారు ఆ ఫార్మాట్‌ను స్వీకరించనప్పుడు, ఫైలు పరిమాణం హద్దు మించినప్పుడు.

కుదింపు ఎందుకు?

4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు గల ఫొటోలో 1 కోటి 20 లక్షల చుక్కలుంటాయి. చుక్కకు 3 బైట్ల చొప్పున కుదించకుండా ఉంచితే 3 కోట్ల 60 లక్షల బైట్లు కావాలి. అందువలన కుదింపు తప్పనిసరి. అది రెండు విధాలు: ఏ వివరమూ పోనిది ఒకటి, కొంత వివరాన్ని శాశ్వతంగా వదలుకొనేది మరొకటి.

ముఖ్యమైన ఫార్మాట్‌లు

జేపెగ్: 1992లో ఆమోదం పొందింది. చిత్రాన్ని అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కల గళ్ళుగా విభజించి, కంటికి అంతగా ఆనని భేదాలను తొలగిస్తుంది. మనుషుల ఫొటోలకు, ప్రకృతి దృశ్యాలకు అనుకూలం.

జిఫ్: 1987లో వచ్చింది. ఒక చిత్రంలో 256 రంగులకు మించి ఇమడవు. చిన్న కదిలే బొమ్మలకు ఉపయోగపడుతుంది.

పి.ఎన్.జి.: జిఫ్‌లోని కుదింపు పద్ధతిపై తలెత్తిన పేటెంటు వివాదం దీని పుట్టుకకు కారణం. 1996లో ప్రమాణంగా వెలువడింది. వివరం పోదు. అక్షరాలకు, పటాలకు, గీతలకు శ్రేష్ఠం. ఫొటోలకు వాడితే ఫైలు చాలా పెద్దదవుతుంది.

హెచ్.ఇ.ఐ.సి.: 2017 నుండి ఐఫోన్లలో వాడుకలో ఉన్నది. కొన్ని చోట్ల దీనిని స్వీకరించరు కనుక జేపెగ్‌లోనికి మార్చవలసి వస్తుంది.

తెలుగు లిపి విషయంలో

ద, ధ లకు, ప, ఫ లకు భేదం అడుగున ఉండే చిన్న గీత మాత్రమే. జేపెగ్‌లో కుదింపు ఎక్కువైతే అక్షరాల అంచుల వద్ద మసక చేరి ఇటువంటి గీతలు, వత్తులు అలుక్కుపోతాయి. కోలారు, హోసూరు, బళ్ళారి, పర్లాకిమిడి ప్రాంతాలలోని పాత తెలుగు దస్తావేజునో శాసనాన్నో చదివి చెప్పగలవారు దూరాన ఉంటే, వారికి అందేది చిత్రమే. అందులో సర్వే నంబరులోని 3 కాస్తా 8గా కనిపిస్తే పొరపాటు ఎంత దూరమైనా పోవచ్చు. అందువలన స్కానరుతో తీసేటప్పుడే టిఫ్ లేదా పి.ఎన్.జి.ని ఎంచుకొనడం మేలు.

సాధారణ అపోహలు

ఫైలు పేరు చివరి అక్షరాలను మార్చినంత మాత్రాన ఫార్మాట్ మారదు. జేపెగ్‌ను పి.ఎన్.జి.గా మార్చినా పోయిన వివరం తిరిగి రాదు. ఫైలును నకలు చేస్తే నష్టం లేదు. కాని తెరచి, సవరించి, మరల జేపెగ్‌గా భద్రపరచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదింపు జరుగుతుంది. డాక్యుమెంటుగా పంపితే మూల ఫైలు యథాతథంగా చేరుతుంది.

మార్చే విధానం

ముందుగా మూల ఫైలుకు నకలు తీయాలి. విండోస్‌లోని పెయింట్‌లో నకలును తెరచి, అవసరమైతే కొలతలు తగ్గించి, 'సేవ్ యాజ్' ద్వారా కోరిన ఫార్మాట్‌ను ఎంచుకొనాలి. అనేక చిత్రాలను ఒకేసారి మార్చడానికి ఇర్ఫాన్‌వ్యూ అనుకూలం. ఫోనుతో తీసిన ఫొటోలో తీసిన స్థలం వివరాలు కూడ దాగి ఉండవచ్చు. రూపం మార్చినా అవి మిగిలిపోవచ్చు కనుక, ఇంటి వద్ద తీసిన ఫొటోలను అందరికీ కనిపించే చోట ఉంచేముందు వాటిని తొలగించాలి.

మార్పిడి ఎప్పుడూ నకలుపైనే జరగాలి. కాగితం చివికిపోయిన తరువాత, శాసనం అరిగిపోయిన తరువాత మూల ఫైలే ఏకైక సాక్ష్యంగా మిగులుతుంది.