హాస్యనటి నిర్మాతయైన వైనము

రేడియోలో పలికిన మాట గాలిలో కలిసిపోవునని మనమందఱము ఎఱుగుదుము. ఎంత శ్రమించి సిద్ధపఱచిన నాటికయైనను అరగంటలో ముగియును. విన్నవారి జ్ఞాపకమే దానికి నిలువనీడ. తొలినాళ్ళ టెలివిజన్‌కును ఇదే గతి పట్టినది. అట్టి దినములలో, ఆడిన ఆట నిలిచియుండవలెననియు, నిలిచినది తమ సొత్తు కావలెననియు పట్టుపట్టిన దంపతులు అమెరికాలో ఉండిరి. వారు లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్. వారిలో హాస్యనటిగా పేరొంది, పిదప నిర్మాణసంస్థకు అధ్యక్షురాలైన లూసిల్ చరిత్రను ఇచట ముచ్చటింతము.

లూసిల్ 1911 ఆగస్టు 6వ తేదీన న్యూయార్క్ రాష్ట్రమందలి జేమ్స్‌టౌన్‌లో జన్మించెను. ఆమెకు మూడేండ్ల వయసున తండ్రి టైఫాయిడ్ జ్వరముతో మరణించెను. పెరిగి పెద్దదై, హాలీవుడ్ చేరి, ఆర్.కె.ఓ. అను చిత్రసంస్థలో జీతమునకు నటించెను. వేషములు అనేకము దొరకెను గాని, అగ్రతార యను పేరు మాత్రము రాలేదు. 1940లో క్యూబా దేశీయుడును, వాద్యబృంద నాయకుడును అయిన డెసీని వివాహమాడెను. అతడు బృందముతో ఊరూర తిరుగుచుండ, ఆమె చిత్రముల పనిలో హాలీవుడ్‌నందే ఉండవలసివచ్చెను. ఒక్కచోట కలిసి పనిచేయవలెనని ఇరువురును కోరుకొనిరి.

ఆ కోరికకు దారి చూపినది రేడియోయే. 1948లో సి.బి.ఎస్. రేడియోలో ‘మై ఫేవరిట్ హస్బెండ్’ అను హాస్యనాటికలు ఆరంభమయ్యెను. అందు గృహిణి పాత్ర లూసిల్‌ది. ఎదుట కూర్చున్న ప్రేక్షకుల నవ్వు వినుచు నటించుటలో ఆమె ప్రతిభ వికసించెను. సంస్థవారు టెలివిజన్‌లోనికి రమ్మనగా, భర్త పాత్రను డెసీయే ధరింపవలెనని ఆమె షరతు పెట్టెను. విదేశీ యాసతో మాటలాడు భర్తను జనము మెచ్చరని అధికారులు సందేహించిరి. దంపతులు 1950లో రంగస్థల ప్రదర్శనలతో ఊళ్ళు తిరిగి, జనము మెత్తురని నిరూపించిరి. ఇరువురి పేళ్ళను కలిపి డెసీలూ అను సంస్థను నెలకొల్పినది ఆ యేడే.

ఇక చిక్కు స్థలము విషయమున వచ్చెను. నాడు ముఖ్యమైన కార్యక్రమములు పెక్కు న్యూయార్క్ నుండి ప్రత్యక్షముగా ప్రసారమగుచుండెను. దూరప్రాంతములకు తెరపై బొమ్మను మరల ఫిల్ముపై పట్టి పంపెడివారు. అది మసకగా ఉండెడిది. దంపతులు హాలీవుడ్ విడువమనిరి. తుదకు 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై, ప్రేక్షకుల ఎదుట, మూడు కెమెరాలతో ఒక్కసారిగా చిత్రించుట నిశ్చయమయ్యెను. జర్మనీలో ‘మెట్రోపోలిస్’ చిత్రమునకు పనిచేసిన ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ మూడు కెమెరాలకును సరిపడునట్లు వెలుతురు అమర్చెను. పెరిగిన వ్యయమునకై దంపతులు తమ ప్రతిఫలమును కొంత తగ్గించుకొనిరి. బదులుగా ఫిల్ములపై స్వామ్యము అడిగిరి. ఒకమారు చూపిన దానిని మరల ఎవరు చూతురని నాడు పలువురి తలంపు. కనుక ఆ కోరిక సులభముగానే నెరవేరెను.

‘ఐ లవ్ లూసీ’ 1951 అక్టోబరు 15న ఆరంభమయ్యెను. రేడియో నాటికల రచయితలే దీనికిని రచయితలు. 1953 జనవరి 19న కథలోని లూసీ బిడ్డను కనిన భాగమును సుమారు 4 కోట్ల 40 లక్షలమంది చూచిరి. నిజజీవితమున లూసిల్‌కు కుమారుడు జన్మించినదియు ఆనాడే. ఆమె విశ్రాంతి తీసికొనిన కాలమున పాత భాగములను మరల ప్రసారము చేయగా, జనము మరల చూచిరి. విలువలేదనుకొన్న ఫిల్ము విలువ అప్పుడు తెలిసెను. పిమ్మట ఆ హక్కులను సి.బి.ఎస్.కే లక్షల డాలర్లకు విక్రయించి, దంపతులు 1957లో ఆర్.కె.ఓ. స్టూడియోలను కొనిరి. జీతమునకు నటించిన చోటికే లూసిల్ యజమానురాలయ్యెను. మన ఢిల్లీలో ఆకాశవాణి టెలివిజన్‌ను ప్రయోగముగా ఆరంభించినది ఇంకను రెండేండ్లకు, 1959లో.

కలిసి ఉండుటకై కట్టుకొన్న సంస్థ నిలిచెను గాని కాపురము నిలువలేదు. 1960లో వారు విడిపోయిరి. వ్యవహారమంతయు అంతవఱకు డెసీయే చూచుచుండెను. 1962లో అతని వాటాను కొని లూసిల్ అధ్యక్షపీఠమెక్కెను. అంత పెద్ద స్టూడియోకు స్త్రీ అధిపతియగుట హాలీవుడ్‌లో నాడు అపూర్వము. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్: ఇంపాసిబుల్’ అను రెండు ధారావాహికల వ్యయమునకు సంస్థలోని పెద్దలు వెఱచిరి, ఆమె వానికి అండగా నిలిచెను. ‘స్టార్ ట్రెక్’ మొదటి మాదిరి చిత్రమును ప్రసారసంస్థ నిరాకరింపగా, రెండవది తీయవలసివచ్చెను. 1966 సెప్టెంబరులో రెండును ప్రసారమయ్యెను.

మఱుసటి యేడు ఆమె సంస్థను 1 కోటి 70 లక్షల డాలర్లకు గల్ఫ్ అండ్ వెస్టర్న్ కంపెనీకి అమ్మెను. ‘స్టార్ ట్రెక్’ 1969లో ఆగిపోయి, పునఃప్రసారముల వలననే లోకప్రసిద్ధి గాంచెను. పాత ఫిల్ము మరల ఫలించునని లోకమునకు చూపిన లూసిల్‌కు ఈ రెండవ పంట దక్కలేదు. విత్తినది ఆమె, కోసికొన్నది ఇతరులు. 1989 ఏప్రిల్ 26న ఆమె కన్నుమూసెను.

వ్యాపారలెక్కలలో ఇది నష్టముగా తోచవచ్చును. కాని గాలిలో కలిసిపోవలసిన నవ్వు నేటికిని వినవచ్చుచున్నది. జీతములో కొంత వదలుకొని దానిని నిలిపిన కళాకారుల ముందుచూపును, వాణినే నమ్ముకొన్న మేము గౌరవముతో తలంచుచున్నాము.