పొగడటం తెలిసిన తిరుపతి కవి

గ్లాసు పైకెత్తి నాలుగు మంచి మాటలు చెప్పే ఆచారం మన పెళ్లిళ్లలో లేదు. అంతమాత్రాన మనకు పొగడ్తలు కరవని కాదు. పురోహితుడి మహదాశీర్వచనంతోనే అవి మొదలవుతాయి. రాజుల కొలువుల్లో, జమీందార్ల లోగిళ్లలో, పెద్దింటి పెళ్లిళ్లలో ఒకప్పుడు భట్రాజులు వంశాన్ని ఏకరువు పెడుతూ గొంతెత్తి పద్యాలు చదివేవారు. నేర్చి, సాధన చేసి నిలబెట్టుకున్న విద్య అది. కొలువులు పోయాక ఆ విద్య అడుగంటింది, దాన్ని ఎగతాళి చేసే మాట మాత్రం మిగిలింది. ఎవరైనా కాస్త మితిమీరి పొగిడితే ఇప్పటికీ 'భట్రాజు పొగడ్తలు' అంటాం.

అచ్చుయంత్రం వచ్చాక ఆ పని ఊళ్లోని తెలుగు పండితుల చేతికి వచ్చింది. పెళ్లికి పంచరత్నాలు రాయించి, రంగు కాగితం మీద అచ్చు వేయించి, విందుకు వచ్చినవాళ్లకు పంచేవారు. కవిగారు పందిట్లో నిలబడి ఐదు పద్యాలూ రాగం తీసి చదివేవారు. వధూవరుల పేర్లు పద్యంలో ఇమడాలి. పెళ్లికూతురి పేరు గణాలకు లొంగకపోతే ఆ తిప్పలు కవిగారికే తెలియాలి! ఇక మైకు వచ్చాక చదివింపుల హోరు పెరిగింది. ఫలానా ఊరి ఫలానావారు నూట పదహార్లు అని ఒకాయన అరుస్తుంటే పక్కన ఇంకొకాయన పుస్తకంలో రాసుకుంటాడు. సన్మాన సభలకైతే అద్దం బిగించిన సన్మాన పత్రం తప్పదు. అందులో పేరొక్కటి మార్చి పక్కవీధి పెద్దమనిషికి చదివినా చక్కగా అతికిపోతుంది. మన పొగడ్తలకు పట్టిన అసలు జబ్బు ఇదే.

ఈ జబ్బు అంటని మంగళ వాక్యం ఒకటి ఉంది. 'మా తెలుగు తల్లికి' పాట. రాసినవారు శంకరంబాడి సుందరాచారి. 1914 ఆగస్టు 10న తిరుపతిలో పుట్టారు. ఇంట్లో మాట్లాడే భాష తమిళం, రాసింది తెలుగు. చిత్తూరు సీమలో ఇదేమంత వింత కాదు. ఇంట్లో ఒక భాష, బజార్లో ఒక భాషగా బతికే కుటుంబాలు అక్కడ ఎన్నో. ఆయన పంతం మనిషి. తండ్రితో పడక ఇల్లు వదిలారనీ, పొట్టకూటికి హోటల్లో సర్వరుగా, రైల్వే స్టేషన్లో కూలీగా పనిచేశారనీ చెబుతారు. ప్రూఫ్ రీడరు పని కోసం ఆంధ్రపత్రికకు వెళితే పత్రిక అధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు తెలుగు వచ్చా అని అడిగారట. మీకు రాదా అని ఈయన తిరిగి అడిగారట. ఆ అడిగింది తెలుగులోనే కదా అని కాబోలు.

పాటను 1942 నాటి 'దీనబంధు' సినిమా కోసం రాశారు. సినిమావాళ్లు వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో గ్రామఫోన్ రికార్డుగా వచ్చి ఇంటింటికీ చేరింది. ఆనాటి 78 స్పీడు రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. అంతకు మించి సాగదీయడానికి వీల్లేని కొలత అది. సన్మాన సభల్లో వక్తలకు కూడా అలాంటి కొలత ఒకటి పెడితే బాగుండు!

పాట నడక గమనించండి. మొదట దండ వేసి, హారతి ఇచ్చి, తల్లి ముఖం వర్ణిస్తుంది. అక్కడి నుంచి నేల మీదికి దిగుతుంది. గోదావరి, కృష్ణ, వాటి వల్ల పండే పంటలు, అమరావతి శిల్పాలు, త్యాగయ్య గానం, తిక్కన కలం, రుద్రమ బలం, తిమ్మరుసు తెలివి, కృష్ణరాయల పేరు. గొప్ప, మహా, అద్భుతం లాంటి మాటలతో పని జరగలేదు. ప్రతి పొగడ్తకూ ఒక ఊరో, ఏరో, మనిషో సాక్ష్యంగా నిలుస్తారు. పేరు మార్చి ఇంకెవరికీ చదవలేం. చివరికి వచ్చేసరికి పాడేవాళ్లందరూ కలిసి మాట ఇస్తారు. అక్కడ సభ మొత్తం గొంతు కలుపుతుంది.

ఇంకో సంగతి. తిరుపతి కవి రాసిన ఈ పాటలో తిరుమల కొండ లేదు, వెంకన్న లేడు, ఊరి పక్కన పారే స్వర్ణముఖి లేదు. రాయలసీమవాళ్లు దీన్ని లోటుగా ఎంచితే తప్పుపట్టలేను. నాకు మాత్రం అందులో మర్యాద కనిపిస్తుంది. పదిమంది తరఫున నిలబడి మాట్లాడేవాడు సొంతిల్లు ఎత్తకూడదు.

అప్పట్లో తిరుపతి కూడా ఉన్న చిత్తూరు జిల్లాలోనే, ఈ పాటకు 23 ఏళ్ల ముందు, మరో పాటకు మేలు జరిగింది. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్ అక్కడే 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చారు. ఆ కళాశాలలోనే ఉన్న మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టారు. జేజేలు పలికే రెండు పాటలకు ఆనాటి ఆ జిల్లాతో చుట్టరికం ఉందన్నమాట.

1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు సుందరాచారి పాటనే సూర్యకుమారి పాడారు. అప్పటికి ఆమె లండన్‌లో స్థిరపడ్డారు. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం కూడా అయింది. కవి చివరి రోజులు మాత్రం ఇబ్బందుల్లోనే గడిచాయి. 1977 ఏప్రిల్ 8న కన్నుమూశారు. తిరుపతిలో ఆయన పేరిట ఒక కూడలి, ఒక విగ్రహం ఉన్నాయి.

సభల్లో ప్రార్థన గీతం పాడేవారి పేరు మైకులో చెబుతాం. జ్యోతి వెలిగించేవారి పేరు బిరుదులతో సహా చెబుతాం. పాట రాసినవాడి పేరు మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. సభలు నడిపేవారికి ఒక మనవి: ఈసారి ఆ పాట ఎత్తుకునే ముందు శంకరంబాడి సుందరాచారి అని ఒక్కసారి చెప్పండి. అర నిమిషం కూడా పట్టదు.