బొమ్మకి వయసు రాదు

పాత సినిమాని మళ్ళీ లేపాలంటే మొదట అడ్డొచ్చేది ముఖం. అప్పటి హీరోకి జుట్టు ఊడిపోయి ఉంటుంది, హీరోయిన్ నటన మానేసి ఉంటుంది. బొమ్మల సినిమాకి ఆ బాధ లేదు. కప్ప అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటుంది. మారేది లోపలున్న చెయ్యి. 2011లో డిస్నీ 'ద మపెట్స్' పేరుతో ఆ బొమ్మల్ని మళ్ళీ థియేటర్లకి తెచ్చినప్పుడు, గెలిచిందీ తడబడిందీ కూడా ఈ తేడా దగ్గరే అని నాకనిపిస్తుంది.

ఆ కప్ప పేరు కెర్మిట్. 1955లో జిమ్ హెన్సన్ అనే 18 ఏళ్ల కుర్రాడు వాళ్ళమ్మ పాత కోటు కత్తిరించి బొమ్మ కుట్టి, పింగ్‌పాంగ్ బంతిని రెండు చెక్కలు చేసి కళ్ళు పెట్టాడు. అప్పటికింకా అది కప్ప కూడా కాదు, బల్లిలాంటిదేదో. వాషింగ్టన్‌లోని ఒక టీవీ స్టేషన్‌లో దానికి ఐదు నిమిషాల కార్యక్రమం దొరికింది. మన తోలుబొమ్మలాటలో తెర ఉంటుంది, వెనక దీపం ఉంటుంది, ఆడించేవాళ్ళు దాని చాటున ఉంటారు. హెన్సన్ ఆ చాటు తీసేశాడు. టీవీ చట్రమే రంగస్థలం. ఆడించేవాళ్ళు కెమెరాకి అందకుండా కింద నిలబడి, చేతులు తల పైకెత్తి, ఎదురుగా చిన్న టీవీలో తమ బొమ్మని చూసుకుంటూ ఆడిస్తారు. కుడిచెయ్యి బొమ్మ తలలోకి పోతుంది కాబట్టి, బొమ్మ చేతుల పని ఎడమచేతిది. మపెట్లలో చాలామంది ఎడమచేతివాటం వాళ్ళయింది అందుకే.

1976లో వచ్చిన 'ద మపెట్ షో'కి అమెరికా టీవీ నెట్‌వర్కులు మొహం చాటేస్తే, బ్రిటన్‌లో లూ గ్రేడ్ డబ్బు పెట్టాడు. లండన్ దగ్గర ఎల్‌స్ట్రీలో 1981 దాకా 120 ఎపిసోడ్లు తీశారు. కథ ఎప్పుడూ ఒకటే. ఒక పాత థియేటర్, ఒక ప్రదర్శన, తెర వెనక రచ్చ. ఫాజీ ఎలుగుబంటి జోకులు పేలవు. బాల్కనీలో ఇద్దరు ముసలాళ్ళు వెక్కిరిస్తూ కూర్చుంటారు, కానీ ఒక్క వారం కూడా రావడం మానరు. అందులో నవ్వంతా, పని చేతకాకపోయినా వదలని వాళ్ళని చూసి నవ్వే నవ్వు. దాన్ని దాటి ఎవరూ ఆ బొమ్మల్ని బతికించలేరు.

1990 మే 16న హెన్సన్ చనిపోయాడు. 53 ఏళ్ళే. డిస్నీకి అమ్మకం బేరం అప్పటికి నడుస్తోంది, ఆయన పోయాక అది విరిగిపోయింది. కెర్మిట్‌ని స్టీవ్ విట్‌మైర్ అందుకున్నాడు. 1978 నుంచీ హెన్సన్ పక్కన పనిచేసినవాడు. చివరికి 2004లో డిస్నీ మపెట్లని కొనేసింది. కొన్నా, ఏం చెయ్యాలో తోచక చాలాకాలం అలా ఉంచేసింది. 1999 తర్వాత థియేటర్లో మపెట్ సినిమా లేదు.

మళ్ళీ అడిగింది ఒక అభిమాని. నటుడు జేసన్ సీగల్. తను రాసిన 'ఫర్‌గెటింగ్ సారా మార్షల్' సినిమా చివర బొమ్మలతో డ్రాకులా నాటకం ఆడించినవాడు. నికొలస్ స్టాలర్‌తో కలిసి కథ రాశాడు, జేమ్స్ బాబిన్ దర్శకత్వం చేశాడు. సినిమాలో కెర్మిట్ ఒక పెద్ద బంగళాలో ఒంటరిగా ఉంటాడు. ఫాజీ ఒక నకిలీ మపెట్ల బృందంలో బతుకు వెళ్ళదీస్తుంటాడు. చమురు వ్యాపారి ఒకడు పాత కాంట్రాక్టు చూపించి థియేటరే కాదు, వాళ్ళ పేరు కూడా తనదే అంటాడు. ఆ పేరుకి అసలు యజమాని ఆ సినిమా తీస్తున్న కంపెనీయే! ఈ వ్యంగ్యం సినిమాకి తెలుసనే నా అనుమానం. తెలిసే, దాని జోలికి పోలేదు. కోటి డాలర్ల విరాళాలకని షో పెడతారు, అంత మొత్తం రాదు. ఓడిపోయి బయటికొస్తే వీధి నిండా జనం. అక్కడ ఆపితే ఎంత బావుండేదో. చివరి టైటిల్స్‌లో ఆ వ్యాపారి తలకి ఒక దెబ్బ తగిలించి, మనసు మార్చి, థియేటర్ తిరిగి ఇప్పించేశారు.

మిస్ పిగ్గీకీ ఫాజీకీ దశాబ్దాల పాటు ప్రాణం పోసిన ఫ్రాంక్ ఆజ్ ఈ సినిమాకి రాలేదు. పాత్రలని గౌరవించినట్టు లేదని బాహాటంగానే అన్నాడు. ఆయన బాధ నాకర్థమవుతుంది. మనకి జ్ఞాపకం ఉండేది బొమ్మ. ఆయనకి జ్ఞాపకం ఉండేది ఫాజీ ఒక జోకు పేలనప్పుడు ఎంతసేపు ఆగాలో, ఆ లెక్క. కొనుగోలు పత్రం మీద ఆ లెక్క రాసి ఇవ్వలేరు.

సినిమా బాగా ఆడింది. 'మ్యాన్ ఆర్ మపెట్' పాటకి బ్రెట్ మెకెంజీ ఆస్కార్ అందుకున్నాడు. కానీ 2014లో వచ్చిన తరువాయి సినిమా అందులో సగం కూడా వసూలు చెయ్యలేదు. 2015 టీవీ సిరీస్ ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. జనం ఒకసారి వచ్చింది తమ చిన్నతనాన్ని చూసుకోడానికి. రెండోసారి రావాలంటే కొత్తగా ఏదో ఉండాలి. ఆ తర్వాత కెర్మిట్ చెయ్యి మళ్ళీ మారింది. పాతికేళ్ళ పైచిలుకు ఆడించిన విట్‌మైర్, తనని తీసేశారని 2017లో చెప్పుకున్నాడు. ఇప్పుడు మ్యాట్ వోగెల్. కెర్మిట్ మాత్రం అదే కోటు రంగు, అవే కళ్ళు.

2011 సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చింది వాల్టర్. ఆ సినిమా కోసమే పుట్టించిన కొత్త బొమ్మ, మపెట్లకి వీరాభిమాని. స్టేజీ ఎక్కితే తనకేం వచ్చో తనకే తెలీదు. చివరికి ఈల వేస్తాడు. ఆ ఈల వాల్టర్‌ని ఆడించిన పీటర్ లిన్జ్‌ది కూడా కాదు, ఆండ్రూ బర్డ్ అనే సంగీతకారుడిది. మిగతా బొమ్మలు నోరు తెరిచిన ప్రతిసారీ నేను పాత గొంతుతో పోల్చుకుంటూనే ఉన్నాను. వాల్టర్ ఈల వేస్తున్నంతసేపూ ఆ పని చెయ్యలేదు. పోల్చడానికి అతనికి పాత గొంతే లేదు.