రాముడి వేషం వేసి కూడా స్టార్ కాలేకపోయిన హీరో: హరనాథ్

శ్రీరామనవమి పందిట్లో మైకులో వినిపించే ఆ సీతారాముల కళ్యాణం పాట మీరందరూ వినే ఉంటారు, కనీసం ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనైనా. అది 1961లో వచ్చిన 'సీతారామ కళ్యాణం' సినిమాలోది. అందులో రాముడెవరు అని అడిగితే చాలామంది ఠక్కున ఎన్టీఆర్ అంటారు. కాదండీ. ఎన్టీఆర్ అందులో రావణుడు. ఆయన డైరెక్ట్ చేసిన మొదటి సినిమా కూడా అదే, కాకపోతే టైటిల్స్‌లో దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు. రాముడు హరనాథ్.

ఈ ఎపిసోడ్ ఆయన గురించే. "అందగాడు, పెద్ద స్టార్ అయ్యేవాడు, తాగి పాడైపోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు ఆయన్ని. ఆ ముక్క అబద్ధమని నేననను. కానీ అది సగం కథే అంటాను.

హరనాథ్‌ది పిఠాపురం దగ్గర రాపర్తి. 1936లో పుట్టారు. 1959లో 'మా ఇంటి మహాలక్ష్మి'తో హీరోగా వచ్చారు. పూర్తిగా హైదరాబాద్‌లోనే, సారథి స్టూడియోలో తీసిన తొలి తెలుగు సినిమాగా దాన్ని చెప్తారు. పరిశ్రమంతా మద్రాసులో ఉన్న రోజులవి. రెండేళ్లు తిరిగేసరికి రాముడు. 1962లో 'భీష్మ'లో కృష్ణుడు. అదే ఏడాది 'గుండమ్మ కథ'లో ఎల్. విజయలక్ష్మి పక్కన ప్రభాకర్. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్, సావిత్రి, జమున ఉన్న సినిమాలో కూడా ఆ కుర్రాడు కనపడగానే కళ్లు అటు తిరుగుతాయి. పెద్ద కళ్లు, మెత్తటి నవ్వు. ఇప్పటి ఫోన్ స్క్రీన్ మీద చూసినా పాతబడని మొహం అది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. హరనాథ్‌కి రాముడి వేషం ఎప్పుడొచ్చింది? ఎన్టీఆర్ రావణుడు వేసినప్పుడు. కృష్ణుడి వేషం ఎప్పుడొచ్చింది? ఎన్టీఆర్ భీష్ముడు వేసినప్పుడు. 'మాయాబజార్' వచ్చిన 1957 నుంచీ తెలుగువాళ్లకి కృష్ణుడంటే ఎన్టీఆరే. 1963లో 'లవకుశ' వచ్చింది, అదీ రంగుల్లో. అక్కడితో రాముడన్నా ఆయనే. అంటే హరనాథ్ కూర్చున్న కుర్చీ ఆయనది కాదు, దాని యజమాని కాసేపు లేచి పక్కకి వెళ్లాడు, అంతే. సాంఘిక సినిమాల్లోనూ దాదాపు ఇదే తంతు. ఏఎన్నార్ సినిమాలోనో, ఎన్టీఆర్ సినిమాలోనో రెండో జంటలో సగం.

సోలో హీరోగా ఆడలేదా అంటే, ఆడారు. 1966లో ఏవీఎం వాళ్ల 'లేత మనసులు' జమునతో చేశారు, పెద్ద హిట్. విడిపోయిన అమ్మానాన్నల్ని కవల పిల్లలు కలిపే కథ. అదే ఏడాది 'పల్నాటి యుద్ధం'లో బాలచంద్రుడు. ముప్ఫై ఏళ్ల వయసు, చేతిలో హిట్టు. స్టార్ కావడానికి అంతకన్నా మంచి టైమ్ ఏముంటుంది చెప్పండి?

కానీ సరిగ్గా అప్పుడే గాలి మారింది. 1965లో 'తేనె మనసులు'తో కృష్ణ వచ్చారు, మరుసటి ఏడాది 'గూఢచారి 116'. నిన్నటిదాకా లేని జానర్‌ని ఆయన తనది చేసుకున్నారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ కుర్చీల జోలికి పోకుండా పక్కనే కొత్త కుర్చీ వేసుకున్నారన్నమాట. హరనాథ్‌కి అలాంటిది దొరకలేదు. ఇది హరనాథ్ సినిమా అని చెప్పుకోదగ్గ రకం ఒక్కటీ తయారు కాలేదు. నన్నడిగితే అసలు దెబ్బ ఇదే.

తాగుడు సంగతి కూడా దాచక్కర్లేదు. అది ఆయన కెరీర్‌నీ ఆరోగ్యాన్నీ తినేసిందని పాత సినిమా జనం చాలామంది చెప్పారు. నిర్మాతకి షూటింగ్ డేట్లు బంగారం. నమ్మకం పోయిన నటుడి కోసం ఎవరూ ఆగరు, అప్పుడైనా ఇప్పుడైనా. అయితే పెద్ద స్టార్‌కి ఎంత ఇబ్బంది ఉన్నా ఇండస్ట్రీ భరిస్తుంది, ఎందుకంటే ఆయన లేకపోతే సినిమా లేదు. రెండో హీరోకి ఆ వెసులుబాటు ఉండదు. వాడి చోట ఇంకొకడిని పెట్టేస్తారు.

ఇప్పుడు ఇంకో మనిషి గురించి చెప్పాలి. 'సీతారామ కళ్యాణం'లో లక్ష్మణుడు ఎవరో తెలుసా? శోభన్ బాబు! ఆయన మొదటి సినిమా 'దైవబలం' కూడా 1959లోనే వచ్చింది. 'భీష్మ'లో హరనాథ్ కృష్ణుడైతే ఈయన అర్జునుడు. అంటే రెండు సినిమాల్లోనూ హరనాథ్‌దే పై మెట్టు. శోభన్ బాబు పదేళ్లు చిన్నాచితకా వేషాలు వేస్తూ ఓపిక పట్టారు. 1969లో 'మనుషులు మారాలి'తో దశ తిరిగింది. ఆ తర్వాత ఫ్యామిలీ సినిమా, ఇద్దరు హీరోయిన్ల మధ్య నలిగే సోగ్గాడు, ఆ కుర్చీ పూర్తిగా ఆయనదే. డెబ్బైల మొదట్లో బాపు 'సంపూర్ణ రామాయణం' తీసినప్పుడు రాముడిగా ఎవరిని తీసుకున్నారనుకుంటున్నారు? అదే శోభన్ బాబుని. నాటి లక్ష్మణుడు రాముడయ్యాడు. నాటి రాముడికి అప్పటికి క్యారెక్టర్ వేషాలు మిగిలాయి.

1989లో హరనాథ్ పోయారు. యాభై మూడేళ్లంతే.

ఈ వీకెండ్ 'గుండమ్మ కథ' పెట్టుకుంటే, ఎన్టీఆర్ పిండి రుబ్బే సీన్ అయిపోగానే ఆపేయకండి. ప్రభాకర్ వచ్చేదాకా చూడండి. చూసి, ఆ మొహానికి మీరైతే ఎలాంటి సినిమా రాసేవాళ్లో కామెంట్లో చెప్పండి. ఉంటాను.