ఒక్క ఓటు బరువు

శాసనసభలో ఒక పార్టీకి సగానికి బాగా పైగా సభ్యులుంటే, ముఖ్యమంత్రి ఎవరన్నది ఆ పార్టీ ఇంటి వ్యవహారం. తమలో ఒకరిని నాయకుడిగా ఎన్నుకుంటారు, గవర్నరు పిలుస్తారు, అంతే. మరి ఎవరికీ సగం రాకపోతేనో? అసలు చిక్కు అప్పుడే. ఇందుకు ఉదాహరణ కోసం మనం దూరం వెళ్ళనక్కరలేదు.

1952 ఎన్నికలయ్యాక ఉమ్మడి మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెసుకు దక్కినవి 152. ప్రతిపక్షాలు చాలావరకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి వెనక చేరాయి. అయినా గవర్నరు పిలిచింది రాజాజీని. ఆయన ఎన్నికల్లో నిలబడనే లేదు. శాసనమండలికి నామినేట్ చేసి మరీ కూర్చోబెట్టారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మద్రాసు సభలోని మనవైపు సభ్యులే కొత్త సభ అయ్యారు. అక్కడా ఏ పార్టీకీ మెజారిటీ లేదు. కాంగ్రెసువారు తమవాణ్ణే నిలబెడితే చాలినంత బలం రాదు. అప్పుడేం చేశారో చూడండి. అంతకు రెండేళ్ళ ముందు తమ పార్టీ విడిచి వెళ్ళిన ప్రకాశంగారినే పిలిచి పెద్దపీట వేశారు! ఆయనకప్పుడు 81 ఏళ్ళు. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి అయ్యారు. బలం చాలనప్పుడు జరిగేది ఇదే. ఎక్కువమంది మెచ్చినవారి కంటే, తక్కువమంది కాదన్నవారికే కుర్చీ దక్కుతుంది.

అలా దక్కిన కుర్చీ నిలవడమూ కష్టమే. మద్రాసు రోజులనుంచీ మద్యనిషేధం అమల్లో ఉంది. దాన్ని ఎత్తివేయాలని కొందరు, ఉంచాలని కొందరు. గీతపనివారి బతుకుతెరువు పోయిందని గౌతు లచ్చన్నగారు సత్యాగ్రహం నడిపారు. తాగివచ్చే భర్తతో వేగే ఇల్లాలికి నిషేధం కావాలి. చెట్టెక్కి కల్లు గీసేవాడి ఇల్లాలికి పొయ్యి వెలగాలి. ఇద్దరిదీ న్యాయమైన గోడే కదా! ఆ రెండో ఇల్లాలి సంగతి మనం తరచు మరచిపోతాం.

1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో ప్రకాశంగారి మంత్రివర్గం పడిపోయింది. ఆయన స్థానంలో మరో మంత్రివర్గం ఏర్పడలేదు. రాష్ట్రపతి పాలన పెట్టి, 1955లో మళ్ళీ ఎన్నికలు జరిపారు. ఈసారి కాంగ్రెసుకు స్పష్టమైన మెజారిటీ వచ్చింది, బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు.

ఇలాంటిది ఢిల్లీలోనూ జరిగింది. 1999 ఏప్రిల్‌లో లోక్‌సభలో వాజపేయిగారి ప్రభుత్వం ఓడింది కూడా ఒక్క ఓటుతోనే, 269కి 270.

కనుక అమ్మా, పోలింగు రోజున "నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే" అని వంటింట్లోనే ఉండిపోకండి. సభలో ఆ ఒక్క చెయ్యి ఎవరిదో తేల్చేది, ఇక్కడ వరుసలో నిలబడే మన వేలిమీది సిరాచుక్కే.