పదకొండు ఊళ్ల శివుళ్లు, ఒక్క కొబ్బరితోట

జగ్గన్నతోటలో గుడి లేదు. కోనసీమలో, అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరున్న కొబ్బరితోట అది. కనుమ నాడు మాత్రం చుట్టుపట్ల పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభలెక్కి వచ్చి అక్కడ కొలువుదీరతారు. అదే ప్రభల తీర్థం. నాలుగు వందల ఏళ్ల కిందట లోకకల్యాణం కోసం ఏకాదశ రుద్రులు ఇక్కడే కూడి మాట్లాడుకున్నారని ఊళ్లలో చెబుతారు. తోట పేరు పెద్దాపురం సంస్థానపు రాజా వత్సవాయి జగన్నాథ మహారాజుదంటారు.

దేవుళ్లయినా మర్యాదలు మర్యాదలే. ఆతిథ్యం మొసలపల్లి భోగేశ్వరుడిది. అందరికంటే ముందొచ్చి, అందరినీ సాగనంపాకే ఆయన కదులుతాడు. పెద్దరికం వ్యాఘ్రేశ్వరం వ్యాఘ్రేశ్వరుడిది. ఆయన ప్రభ తోటలో అడుగుపెట్టగానే మిగతా ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తి దించుతారు. ఇరుసుమండ ఆనంద రామేశ్వరుడు, వక్కలంక విశ్వేశ్వరుడు, ముక్కామల రాఘవేశ్వరుడు, అందరూ అలా లేచి నిలబడాల్సిందే. మన పెళ్లిళ్లలో పెదనాన్న వచ్చినప్పటి సందడికీ దీనికీ పెద్ద తేడా కనిపించదు నాకు.

ప్రభంటే వెదురుతో, కర్రదూలాలతో కట్టిన ఎత్తయిన చట్రం. దానికి రంగురంగుల నూలు, కొత్త బట్టలు, నెమలి పింఛాలు, గంటలు, కొత్త పంట వరికంకులు కట్టి, ముందు ఉత్సవమూర్తిని ఉంచుతారు. మోసేది ఊరి కుర్రాళ్ల భుజాలే. రోడ్డుంది కదా అని చుట్టూ తిరిగి రారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు పాకాయి, తర్వాత తారురోడ్లు వచ్చాయి. ప్రభలు మాత్రం చేలకడ్డంగానే నడుస్తాయి. పచ్చటి చేను కాళ్ల కింద నలిగినా రైతు నొచ్చుకోడు, శివుడు తన చేలో అడుగేశాడంటాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక నదిలో దిగి, పీకల్లోతు నీళ్లలోంచి గట్టెక్కుతాయి. తీర్థమంతటికీ అసలు ఘట్టం ఇదే. డప్పులూ, ‘అశ్శరభ శరభ’ కేకలూ మిన్నంటుతుంటే, మోసేవాళ్లకు కాళ్ల కింద బురద జారుతుంటుంది. గట్టు మీద వేలమంది ఊపిరి బిగబడతారు.

ఇలాంటి కూడిక మనకే ఉందనుకోనక్కర్లేదు. పెరూ దేశంలో, ఆండీస్ కొండల్లోని కుస్కో పట్నంలో కార్పస్ క్రిస్టీ పండక్కి పదిహేను విగ్రహాలు, పునీతులూ మరియమాతలూ, తమ తమ చర్చిల నుంచి భుజాలెక్కి పెద్ద చర్చికి చేరతాయి. స్పెయిన్ వాళ్లు రాకముందు అదే ఊళ్లో ఇన్కా రాజుల మమ్మీలను మోసుకొచ్చి నడిబొడ్డున కూర్చోబెట్టేవారు. చర్చిలో ఉన్నన్నాళ్లూ ఆ పునీతులు ముచ్చట్లాడుకుంటారని అక్కడి జనం చెప్పుకుంటారు.

2023 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటంగా ప్రభల తీర్థం ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఊరేగింది. చక్కగానే ఉంది గానీ, చదునైన రోడ్డు మీద బండెక్కి వెళ్లిన ప్రభ సగం ప్రభే. చూడాలనుకున్నవాళ్లు కనుమ మధ్యాహ్నానికి కౌశిక గట్టుకి చేరుకోవాలి. ఆలస్యమైతే ముందు నిలబడ్డవాళ్ల తలలే కనిపిస్తాయి.