ర్యాప్ గీతాల్లో వీధి, నేరం: ఉత్తమ పురుష కథన పరిణామం

కీలక పదాలు: ర్యాప్, వీధి జీవితం, ఉత్తమ పురుష, కవినిబద్ధవక్త, సాక్ష్యం

ఉపోద్ఘాతం

అమెరికాలో ర్యాప్ గీతాన్ని నిశితంగా చదివే చోట్లు రెండు: విశ్వవిద్యాలయం, న్యాయస్థానం. మొదటిచోట అది కవిత. రెండోచోట అది పలుమార్లు నేరాంగీకారంగా మారింది. గీతంలోని ‘నేను’ అన్న మాటను ఎవరికి అన్వయించాలన్న ప్రశ్నే ఈ భేదానికి మూలం. 1980ల నుంచి ఆ ‘నేను’ పొందిన పరిణామాన్ని పరిశీలించి, ఈ గీతాలను వాఙ్మూలంగా చదవడం ఎంతవరకు సమంజసమో నిర్ణయించడం ఈ వ్యాసోద్దేశం.

నేపథ్యం

న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతం ర్యాప్‌కు పుట్టినిల్లు. రాబర్ట్ మోజెస్ ఆధ్వర్యంలో 1948లో మొదలైన క్రాస్ బ్రాంక్స్ రహదారి నిర్మాణం వేలాది కుటుంబాలను నిర్వాసితులను చేసింది. 1970లలో దక్షిణ బ్రాంక్స్‌లో అద్దె ఇళ్లు వరుసగా తగలబడ్డాయి. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక నివాస భవనంలో జమైకా నుంచి వచ్చిన డీజే కూల్ హెర్క్ నిర్వహించిన విందును హిప్‌హాప్ ఆరంభఘట్టంగా చరిత్రకారులు పేర్కొంటారు. తొలినాటి పాటలు ప్రధానంగా నృత్యానికి, ఆత్మప్రశంసకు ఉద్దేశించినవి. వీధి వాటికి వేదిక మాత్రమే, ఇంకా వస్తువు కాలేదు.

సాక్షి నుంచి కర్తకు

గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ బృందం పేరిట 1982లో వెలువడిన ‘ది మెసేజ్’ వీధిని వస్తువుగా స్వీకరించి విస్తృత ప్రచారం పొందింది. ఇందులో పురుష ప్రయోగం గమనార్హం. పగిలిన గాజుముక్కలు, దుర్గంధం, అప్పులవాళ్ల ఒత్తిడి మధ్య బతుకుతున్న వక్త ఉత్తమ పురుషలో మాట్లాడతాడు. అయితే అతడు సాక్షి, బాధితుడు, నేరకర్త కాడు. చివరి చరణంలో పేటలో పుట్టిన బిడ్డ పెరిగి, చదువు మాని, నేరంలో దిగి, జైలుగదిలో ఉరికి వేలాడే కథ అంతా మధ్యమ పురుషలో సాగుతుంది. నేరం ‘నీ’ కథగా, హెచ్చరికగా వినిపిస్తుంది.

1986లో ఐస్-టి పాడిన ‘సిక్స్ ఇన్ ద మార్నిన్’ ఈ దూరాన్ని చెరిపివేసింది. తెల్లవారుజామున తలుపు తట్టిన పోలీసుల నుంచి పారిపోయేవాడే ఇక్కడ కథకుడు. నేరం ‘నా’ కథ అయింది. ఈ మార్పుకు చారిత్రక కారణాలున్నాయి. అదే ఏడాది వచ్చిన మాదకద్రవ్య నిరోధక చట్టం 5 గ్రాముల క్రాక్‌కూ, 500 గ్రాముల కొకైన్ పొడికీ ఒకే కనీస శిక్ష, ఐదేళ్ల జైలు, విధించింది. 1988 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ పోలీసులు ఒకే వారాంతంలో 1000 మందికి పైగా అరెస్టు చేశారు. నేరం చేసినవాడూ చేయనివాడూ ఒకే అనుమానానికి గురైన ఆ కాలంలోనే ఎన్.డబ్ల్యు.ఎ. బృందం ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’ (1988) వెలువరించింది. సమాజం తమకు ఆపాదించిన నేరస్థుని రూపాన్ని ఆ యువకులు అతిశయోక్తితో ధరించి తిరిగి ప్రదర్శించారు. పోలీసులను నిందించిన పాటపై మరుసటి ఏడాది ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు రికార్డు సంస్థకు నిరసన లేఖ రాశారు.

ఈ కర్తృస్వరం అకస్మాత్తుగా పుట్టింది కాదు. 1895లో సెయింట్ లూయిస్‌లో జరిగిన హత్య చుట్టూ అల్లుకున్న స్టాగర్ లీ గాథల వంటి నల్లజాతి మౌఖిక సంప్రదాయంలో దుష్టవీరుడు ఏనాడో ఉన్నాడు. రాబిన్ కెల్లీ వంటి చరిత్రకారులు ఈ వారసత్వాన్ని గుర్తించారు. ఆ వీరుని డాంబికంతోపాటు స్త్రీద్వేషం కూడా ఈ పాటల్లోకి సంక్రమించింది. రికార్డుల విపణి రెండింటినీ లాభసాటి చేసుకుంది. గీతాన్ని కళగా అంగీకరించడం వల్ల ఈ విమర్శ రద్దు కాదు.

ఒక గొంతులో పలువురు

నాస్ ‘ఇల్మాటిక్’ (1994)లోని ‘వన్ లవ్’ జైల్లో ఉన్న మిత్రునికి రాసిన లేఖారూపంలో ఉంటుంది. వీధిలో మిగిలినవాడు, వీధి నుంచి తొలగింపబడినవాడికి పేట కబుర్లు చెబుతాడు. కాంప్టన్‌కు చెందిన కెండ్రిక్ లమార్ 2012 నాటి ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’లో మరింత ముందుకు వెళ్లాడు. అందులోని ఒక గీతంలో మొదటి చరణం మరణించిన మిత్రుని అన్నదమ్ముడి ఉత్తమ పురుష కథనం. ఆ గొంతు తుపాకి మోతతో వాక్యమధ్యంలో తెగిపోతుంది. రెండో చరణంలో మాట్లాడేది ఒక స్త్రీ. పాడే గొంతు ఒకటే, ‘నేను’లు వేరు.

భారతీయ అలంకారశాస్త్రానికి ఈ వివేచన కొత్తది కాదు. అర్థశక్తిమూల ధ్వనిని విభజిస్తూ ఆనందవర్ధనుడు, మమ్మటుడు కవి ప్రౌఢోక్తిని, కవి కల్పించిన వక్త ప్రౌఢోక్తిని వేరుగా చూపారు. లమార్ గీతంలోని మృతుని సోదరుడు కవినిబద్ధవక్త. అతని మాటను కవి స్వీయచరిత్రగా గ్రహించడం పఠనదోషం. న్యాయస్థానంలో ఆ దోషం ఒక మనిషి స్వేచ్ఛను హరించగలదు.

2014లో న్యూజెర్సీ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక హత్యాయత్నం కేసులో ఈ దోషాన్ని గుర్తించింది. గీతంలోని నిర్దిష్ట వివరాలకూ నేర పరిస్థితులకూ బలమైన సంబంధం ఉంటేతప్ప అటువంటి సాక్ష్యం చెల్లదన్నది. బాబ్ మార్లే షెరీఫ్‌ను కాల్చినట్లు అతని పాటను బట్టి ఎవరూ భావించరని ఉదాహరించింది. 2022లో కాలిఫోర్నియా చేసిన చట్టం, సృజనాత్మక రచనలను సాక్ష్యంగా అనుమతించే ముందు అవి కలిగించగల దురభిప్రాయాన్ని న్యాయమూర్తి తూచాలని నిర్దేశించింది. అది నిషేధం కాదు, జాగ్రత్త మాత్రమే.

ముగింపు

సాక్షిగా మొదలైన ర్యాప్ ‘నేను’ నేరకర్త వేషం ధరించి, క్రమంగా మృతులకూ ఖైదీలకూ స్థానమిచ్చే బహువచన స్వరంగా పరిణమించింది. ఈ గీతాలు నివాసవిధానం, చట్టం, పోలీసు వ్యవస్థ ఒక పేటలో మిగిల్చిన అనుభవానికి విలువైన చారిత్రక ఆధారాలు. ఒక వ్యక్తి ఒక రాత్రి చేసిన పనికి అవి ఆధారాలు కావాలంటే గీతం వెలుపలి రుజువు తప్పనిసరి. వక్తను కవి నుంచి వేరుచేసి చదవడం సాహిత్య విద్యార్థి నేర్చే తొలిపాఠం. ర్యాప్ విషయంలో ఆ పాఠం అవసరం తరగతి గదికి బయటే ఎక్కువ.